మెస్సీ 1035 ట్రాక్టర్: పొద్దన్నే ఒక్క దెబ్బకు స్టార్టు, వేడెక్కితే సెల్ఫ్ 'టక్' అని ఊరకుండిపోతుంది

పాకాల కుర్రోడు (మంగళవారం రాత్రి 9:40)
అన్నలూ నమస్తే. మాది పాకాల పక్కన పల్లె. తాత కొన్న మెస్సీ 1035 ఉండాది మాకు, వయసులో నాకంటే పెద్దది. నెల దినాలుగా దాని సెల్ఫ్‌తో, అదే ఇంజన్ తిప్పి స్టార్టు చేసే మోటరుతో, చస్తా ఉండాము. పొద్దన్నే తాళం తిప్పితే గిర్రున తిరిగి పట్టుకుంటుంది, రెండు గంటలు దున్ని ఆపినామంటే ఇంక అంతే, తాళం తిప్పితే 'టక్' అని ఒక్క సౌండు, ఆపైన ఉలుకూ పలుకూ లేదు. అరగంటో ముక్కాలు గంటో నీడన పెడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది. ముందు బ్యాటరీ అన్నాడు మెకానిక్కు, కొత్తది తెచ్చినాం. తర్వాత సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు) అన్నాడు, అదీ మార్చినాం. రెండిటికీ కలిపి తొమ్మిదివేలకు పైనే పోయింది, టక్ మాత్రం పోలేదు. ఇప్పుడు సెల్ఫ్ మొత్తం కొత్తది వేసేద్దాం అంటా ఉన్నాడు. నాయన అయితే ఎక్కడికి పోయినా వాలు చూసి ఆపి, దొర్లించి గేరేసి స్టార్టు చేస్తా ఉన్నాడు. పై వారం తోతాపురి మామిడి కోత. గుజ్జు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్ల క్యూ ఎట్ల ఉంటుందో మీకు తెలుసు, గంటకు పది అడుగులు జరగాల, అక్కడ వాలు యాడిది? రాత్రంతా ఇంజన్ ఆపకుండా పెడితే డీజిల్‌కే కాయల డబ్బు సరిపోతుంది. ఎవరన్నా దారి చూపించండి.

సూపర్ కల్టివేటర్ (9:52)
బ్యాటరీ బ్రో. కళ్లు మూసుకోని మార్చెయ్

బెల్లం గానుగ (9:58)
అబ్బయా కళ్లు తెరిచి పోస్టు చదువు. మార్చినాం అని రాసినాడు కదా.

సూపర్ కల్టివేటర్ (10:03)
సారీ సారీ. అయితే సెల్ఫ్ పోయినట్టే

పుంగనూరు పొట్టెద్దు (10:15)
మాకు ఇట్నే ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి సోలినాయిడ్ మీద ఉండే రెండు బోల్టులు కలిపేవాళ్లం, నిప్పులు చిమ్మి తిరిగేది. పెద్ద రించ్ అయితే ఇంకా బాగా తిరుగుతుంది. పని జరిగిపోతుంది తమ్ముడూ, ఖర్చు లేదు.

నారుమడి (10:31)
అన్నా దయచేసి ఆ సలహా ఇయ్యబాకండి. మా మరిది అట్ల చేసే కాలు పోగొట్టుకునేవాడు. కింద నిలబడి, పెద్ద చక్రానికి ముందర, స్క్రూడ్రైవర్ పెట్టినాడు. బండి గేర్లో ఉన్న సంగతి చూసుకోలేదు. ఇంజన్ పట్టుకోగానే బండి కదిలింది. ఆయప్ప వెనక్కి పడినాడు కాబట్టి, మెత్తటి దుక్కి కాబట్టి చెప్పు మాత్రమే చక్రం కిందికి పోయింది. ఆ చెప్పు ఇంకా మా కొట్టంలో మేకుకు తగిలించి ఉండాది, మా అత్త పారెయ్యనీదు. మెస్సీలో గేరు పెట్టె మీద చిన్న సేఫ్టీ స్విచ్చు పెట్టింది అందుకే కదా, హై లో గేరు కట్టె మధ్యలో ఉంటేనే సెల్ఫ్‌కు కరెంటు పోయేది. స్క్రూడ్రైవర్ పెడితే దాన్ని దాటేసినట్టే.

పుంగనూరు పొట్టెద్దు (10:36)
నిజమేలే అమ్మా. మాది ఎప్పుడూ న్యూట్రల్లో పెట్టే చేసేవాళ్లం గానీ, రాయకుండా ఉండాల్సింది.

కరెంటు మామ (బుధవారం ఉదయం 5:48)
పాకాల అబ్బయా, నేను చిత్తూర్లో ముప్పై ఏండ్లు ఆటో ఎలక్ట్రికల్ పని చేసినా, ఇప్పుడు కళ్లు సరిగా కనపడక మానేసినా. కొత్త సెల్ఫ్ గురించి తర్వాత. ముందు నాకు ఒక్క సంగతి చెప్పు. బండి వేడి మీద ఉన్నప్పుడు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పు. టక్ అన్నప్పుడు లైట్లు ఏమవుతా ఉన్నాయి? ఉన్నది ఉన్నట్టే ఎలుగుతా ఉన్నాయా, మసక పడతా ఉన్నాయా? దాంట్లోనే సగం జవాబు ఉంటుంది.
లైట్లు కదలకుండా ఎలిగితే సెల్ఫ్‌కు కరెంటు పోవడమే లేదని, అంటే సోలినాయిడ్ లోపల రాగి బిళ్లలు కాలిపోయినాయి లేదా కార్బన్లు అరిగి, సెల్ఫ్ లోపల తిరిగే ఆర్మేచర్‌ను తాకడం లేదు. లైట్లు పడిపోతే కరెంటు పోతా ఉంది గానీ సెల్ఫ్ తిరగలేకపోతా ఉంది, లేకపోతే దారిలో యాడో తినేస్తా ఉంది. టక్ టక్ టక్ టక్ అని వరసగా కొట్టుకుంటే అది వేరే, అప్పుడే బ్యాటరీని అనుమానించాల. నీది ఒక్క టక్కే అంటా ఉన్నావు.

పాకాల కుర్రోడు (బుధవారం మధ్యాహ్నం 1:20)
మామా ఇప్పుడే చూస్తి. దున్ని ఆపినాక లైట్లు వేసి తిప్పితే, లైట్లు పూర్తిగా పడిపోయినాయి, ఎర్రగా, మా జేజి కిరసనాయిలు దీపం మాదిరి. తాళం వదిలితే మళ్లీ తెల్లగా వచ్చినాయి. ఫోటో పెట్టినా చూడండి, సెల్ఫ్ ఉండే పక్క నుంచి తీసినా.

కరెంటు మామ (1:44)
మంచిది. అయితే కరెంటు పోతా ఉంది. నీ దగ్గర మల్టీమీటర్ ఉందా? లేకపోతే ఒకటి కొను, మూడు నాలుగు వందల్లో వస్తుంది, నువ్వు ఇంతకుముందు పారేసిన తొమ్మిదివేలల్లో అది ఎంత.

మొండి గొర్రు (2:05)
మామా మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. మాది పాత మహీంద్రా బి 275. సెల్ఫ్ గుయ్యిమని తిరుగుతుంది, ఒక్కోసారి ఇంజన్ తిరగదు, ఒక్కోసారి గర్రర్రమని ఇనుము కొరికినట్టు సౌండు. మళ్లీ ఇంకోసారి తిప్పితే మామూలుగా పట్టుకుంటుంది. దీనిక్కూడా లైట్లు చూడాల్నా?

కరెంటు మామ (2:30)
నీది లైట్లతో పని లేదు నాయనా, నీది పళ్ల జబ్బు. ఇంజన్ ఫ్లై వీల్ చక్రం మీద, సెల్ఫ్ పట్టుకోని తిప్పే రింగు పళ్లు అరిగినాయి. ఇంజన్ ఆపినప్పుడు అది ఇష్టమొచ్చిన చోట ఆగదు, ఏదో ఒక సిలిండర్లో కంప్రెషన్ ఎదురొచ్చి అక్కడ ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు ఆగే చోట్లు రెండే, ఎదురెదురుగా. పాకాల అబ్బాయి మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్‌కు మూడు చోట్లు. ప్రతిసారీ సెల్ఫ్ పల్లు వచ్చి గుద్దేది ఆ చోట్లలోనే, ఇన్నేండ్లు గుద్ది గుద్ది అక్కడి పళ్లే అరుగుతాయి, మిగతా రింగంతా కొత్తపెళ్లికూతురు మాదిరి ఉంటుంది. సెల్ఫ్ ఊడదీసి, ఆ కన్నంలోంచి టార్చి కొట్టి ఇంజన్ చేత్తో మెల్లగా తిప్పుకుంటా చూడు, నీకే కనపడతాది.

మొండి గొర్రు (2:41)
రింగు మార్చాలంటే బండి నడుమ విరిచి రెండు ముక్కలు చెయ్యాల కదా మామా. అమ్మో.

కరెంటు మామ (2:55)
చెయ్యాల. కానీ రింగు కొత్తది దొరక్కపోతే ఒక పాత ఉపాయం ఉండాది. అదే రింగును వేడి చేసి ఊడబీకి, పావు చుట్టు తిప్పి మళ్లీ దింపితే అరగని పళ్లు ఆ రెండు చోట్లకు వస్తాయి. తిరగేసి వెయ్యబాకు, సెల్ఫ్ పల్లు దూరే పక్కన పళ్లకు వాలుగా చెక్కి ఉంటుంది, అవతలి పక్క ఉండదు. వేడి కూడా గాడిపొయ్యి మీద పెట్టి ఎర్రగా కాల్చేస్తారు కొంతమంది, ఎర్రబడితే పళ్లు మెత్తబడి ఆరు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది. రెండు వందలు, రెండు వందల యాభై డిగ్రీలు చాలు, ఉబ్బి దానంతటదే ఊడుతుంది. ఇంకో బండికి ఇంకో పోస్టు పెట్టుకో, ఇక్కడ మెస్సీ ఉండాది.

గోదారోడు (3:10)
మామగారూ, రింగు విషయం బాగా చెప్పారండి. మా వైపు పాత జెటార్ ట్రాక్టర్ల వాళ్లు కూడా ఇదే చేసేవారు. హెచ్‌ఎంటీ 2511 కి రెండే సిలిండర్లు కదండీ, అప్పుడు ఎన్ని చోట్లు?

కరెంటు మామ (3:18)
అది నువ్వే లెక్కేసి చెప్పు సారూ, నాకు మధ్యాహ్నం నిద్ర టైము.

పాకాల కుర్రోడు (గురువారం ఉదయం 11:15)
మీటర్ తెచ్చినా మామా, 350. ఇప్పుడేం చెయ్యాల? దీంట్లో ఇన్ని గుర్తులుండాయి.

కరెంటు మామ (11:40)
డీసీ వోల్టులు 20 అని ఉంటుంది అక్కడ పెట్టు. బండిని వేడి చెయ్యి, ఒక గంట దున్నుకోని రా, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే జబ్బు దాక్కుంటుంది. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, ఇంజన్ ఆపే స్టాప్ నాబ్ బయటికి లాగి పెట్టు, అప్పుడు తిరిగినా స్టార్టు కాదు. ఒకరు పైన కూర్చోని తాళం తిప్పాల, నువ్వు పక్కన, చక్రాలకు ముందర కాదు, పక్కన. నారుమడి అమ్మ చెప్పిన చెప్పు గుర్తు పెట్టుకో. ఒక్కోసారి అయిదు సెకండ్లకు మించి తిప్పొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆపు.
నాలుగు లెక్కలు కావాల నాకు. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ రెండు గుండ్ల (వైర్లు తగిలించే ప్లస్, మైనస్ మొనలు) మధ్య ఎంత. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు అదే గుండ్ల మధ్య ఎంత. తర్వాత తాళం తిప్పి పట్టుకున్నప్పుడే, ప్లస్ గుండుకూ సెల్ఫ్ మీది లావు బోల్టుకూ మధ్య ఎంత. చివరగా మైనస్ గుండుకూ సెల్ఫ్ ఒంటికీ మధ్య ఎంత. ముల్లు గుండు మీదనే పెట్టు, క్లాంపు మీద కాదు, ఆ రెండిటి మధ్యలోనే దొంగ ఉండొచ్చు. సెల్ఫ్ ఒళ్లు ఇనుము కనపడేటట్టు గీకి పెట్టు.

సూపర్ కల్టివేటర్ (11:52)
మామా ప్లస్ వైరుకు రెండు పక్కలా ప్లస్సే కదా, మధ్యలో వోల్టులు ఎట్ల వస్తాయి? సున్నా రావాల కదా

కరెంటు మామ (12:10)
అడిగినావు చూడు, ఇదీ ప్రశ్న. సున్నా రావాల, సున్నాకు దగ్గరగా రావాల. ఎంత వస్తే అంత దారిలో పోయినట్టు. బోరు నుంచి కయ్యకు పైపు వేసినావనుకో, మోటరు దగ్గర నీళ్ల ఒత్తిడి బాగుంది, కయ్య దగ్గర ముక్కుచీదినట్టు వస్తా ఉంది, అంటే మోటరు మార్చేదానికి పరిగెత్తుతావా, పైపులో యాడ గడ్డి ఇరుక్కుందో చూస్తావా? ఇదీ అంతే. లావు వైరు ఒక్కో పక్కన అర వోల్టు కంటే తక్కువ పోవాల. ఇంకొకటి, ఇది కరెంటు పారేటప్పుడే కనపడతాది. తాళం తిప్పకుండా కొలిస్తే అంతా శుభ్రంగానే ఉంటుంది, అందుకే టెస్టు బల్బు పెట్టి చూసే మెకానిక్కులకు ఇది దొరకదు. బల్బు తాగేది రెండు మూడు ఆంపియర్లు, సెల్ఫ్ తాగేది వందల్లో.

పాకాల కుర్రోడు (గురువారం సాయంత్రం 5:35)
నాయన తాళం తిప్పినాడు, నేను పట్టుకున్నా.
ఊరికే 12.6
తిప్పినప్పుడు గుండ్ల మీద 10.8
ప్లస్ పక్క 0.4
మైనస్ పక్క 2.6
చివరిది మూడు సార్లు చూస్తి, అంతే వస్తా ఉండాది. ముల్లు తప్పు పెట్టినానేమో అని నాయన చేత కూడా పట్టించినా.

కరెంటు మామ (5:50)
దొరికినాడు. 10.8 లో 0.4 తీసెయ్, 2.6 తీసెయ్. సెల్ఫ్‌కు చేరేది 7.8 వోల్టులు. పన్నెండు వోల్టుల సెల్ఫ్‌కు ఆరు వోల్టుల అన్నం పెట్టినట్టు పెడితే అది ఏం తిరుగుతుంది పాపం. నీ కొత్త బ్యాటరీ మంచిదే, పాతదీ మంచిదే అయ్యుంటుంది. ఎర్తింగ్ పోయింది అబ్బయా, అంటే బండి ఇనుము గుండా కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి. లైట్లు అంతగా ఎందుకు ఎర్రబడినాయి అనుకున్నావు? వాటి ఎర్త్ కూడా ఛాసిస్ నుంచి బ్యాటరీకి అదే దారిలో రావాల, ఆ దారిలో దొంగ కూర్చోనుంటే వాటికీ కూడు లేదు.
ఇప్పుడు మైనస్ పక్క ముక్కలు ముక్కలుగా కొలువు. గుండు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి ఎర్త్ పట్టీ అవతలి కొసకు, కొస నుంచి అది బిగించిన ఛాసిస్ ఇనుముకు, ఆ ఇనుము నుంచి సెల్ఫ్ ఒంటికి.

బెల్లం గానుగ (6:02)
అబ్బయా ఒక్క మాట. నిన్న నువ్వు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూస్తా ఉండా. తాత కొన్న బండి అంటివి, ఎర్రగా నిగనిగా మెరుస్తా ఉందే? సెల్ఫ్ మీద కూడా బూడిద రంగు కొట్టి ఉండాది. ఎప్పుడు కొట్టించినారు రంగు?

పాకాల కుర్రోడు (6:09)
అక్క పెళ్లికి అన్నా. మేలో. పెళ్లికొడుకును ఊరేగించేదానికి ఆ బండే కావాలని తాత పట్టుబట్టినాడు, అందుకని ఊడదీసి మొత్తం గీకించి స్ప్రే కొట్టించినాం.

బెల్లం గానుగ (6:10)
సెల్ఫ్ జబ్బు ఎప్పటినుంచి?

పాకాల కుర్రోడు (6:11)
మేలో పెళ్లి అయినాక

పాకాల కుర్రోడు (6:11)
ఓరి దేవుడా

నారుమడి (6:15)
😂😂 క్షమించు తమ్ముడూ నవ్వు ఆగలేదు

కరెంటు మామ (6:30)
ఈ ముక్క మొదటి రోజే రాసి ఉంటే నేను రెండు దినాలు టైపు కొట్టే పని తప్పేది. గానుగాయనా, నా కళ్లకు ఆ రంగు కనపడలేదు, నువ్వు చూసినావు. రంగు వేసేవాళ్లకు అందం తెలుస్తుంది గానీ ఎర్త్ తెలియదు, వాళ్లనేం అనేదానికి లేదు. పట్టీ కింద, సెల్ఫ్ మూతి కూర్చునే చోట, అన్నిటికీ రెండు చేతులు దట్టంగా కొట్టేసి ఉంటారు. బోల్టు మర దగ్గర ఏదో కొంచెం ఇనుము ఇనుముకు తగులుతా ఉంటుంది, దాని గుండానే అంత కరెంటూ దూరాల.

పాకాల కుర్రోడు (శుక్రవారం ఉదయం 7:20)
ముక్కలు కొలిచినా. గుండు నుంచి క్లాంపుకు 0.1. పట్టీలో 0.1. పట్టీ కొస నుంచి ఛాసిస్‌కు 1.7. ఛాసిస్ నుంచి సెల్ఫ్‌కు 0.7. నాలుగైదు సార్లు తిప్పినాక ఆ పట్టీ బోల్టును ముట్టుకుంటే చెయ్యి కాలింది మామా, ఇడ్లీ పాత్ర మూత మాదిరి ఉండాది.

కరెంటు మామ (7:45)
కాలుతుంది మరి, సెల్ఫ్ తిరగాల్సిన బలం అక్కడ ఖర్చవుతా ఉంది. బ్యాటరీ మైనస్ ముందు ఊడబీకు. పట్టీ విప్పి, ఛాసిస్ మీద ఆ చోట రంగు మొత్తం లేపెయ్, ఎమరీ పేపరుతో తెల్ల ఇనుము కనపడే దాకా. పట్టీ కొస, బోల్టు తల, వాషరు, అన్నీ. పళ్ల వాషర్ ఒకటి వెయ్యి. సెల్ఫ్ కూడా దించి మూతి చుట్టూ, అది కూర్చునే పెట్టె వైపు, బోల్టు రంధ్రాల చుట్టూ గీకు. బిగించినాక పైన వ్యాసలైన్ పూయి, ముందు కాదు బిగించినాక. రంగు కావాలంటే ఆ పైన కొట్టుకో, ఊరేగింపు ఇంకోటి ఉంటే.

పాకాల కుర్రోడు (శుక్రవారం సాయంత్రం 6:50)
అయిపోయింది!! మైనస్ పక్క 2.6 ఉండేది 0.2 కు దిగింది. వేడి మీదనే తిరిగింది, స్టార్టు అయింది, నాయన మూడు సార్లు ఆపి మూడు సార్లు వేసినాడు చిన్నపిల్లోడి మాదిరి. కానీ మామా ఒక డౌటు, తిప్పేటప్పుడు బ్యాటరీ గుండ్ల మీద ముందు 10.8 ఉండేది, ఇప్పుడు 10.2 కు పడిపోతా ఉండాది. బ్యాటరీకి ఏమన్నా అయిందా?

కరెంటు మామ (7:15)
ఏం కాలేదు, ముందు దారి మూసుకోని ఉండె కాబట్టి బ్యాటరీ సగమే పని చేసేది, ఇప్పుడు దారి తెరిచినావు కాబట్టి ఎక్కువ కరెంటు ఇస్తా ఉంది, ఎక్కువ ఇస్తే కొంచెం ఎక్కువ వంగుతుంది. తిప్పేటప్పుడు 9.6 కంటే దిగకుంటే బ్యాటరీ గట్టిదే. 10.2 లో 0.6 పోయినా సెల్ఫ్‌కు 9.6 దొరుకుతా ఉంది చూడు, నిన్న 7.8.

మొండి గొర్రు (7:22)
లైకులు కొట్టేదానికి ఒక వేలు చాలట్లేదు మామా

పాకాల కుర్రోడు (శనివారం మధ్యాహ్నం 2:10)
దిష్టి తగిలినట్టుంది. ఈ పొద్దు నాలుగు గంటలు దున్ని ఆపినాం, తిప్పితే ఉయ్... ఉయ్... ఉయ్... అని ముసలోడు మెట్లెక్కినట్టు తిరిగి స్టార్టు అయింది. ఇంకో గంట తర్వాత మళ్లీ ఒక్కసారి టక్ అని నిలబడిపోయింది, రెండోసారి తిరిగింది. కొలిచినా, మైనస్ 0.2 నే. ప్లస్ 0.5.

కరెంటు మామ (3:40)
దారి బాగుంది కాబట్టి ఇప్పుడు సెల్ఫ్‌ను అనుమానించొచ్చు. చల్లగా బాగా తిరిగి వేడికి బరువైపోతే బుష్షులు (ఆర్మేచర్ షాఫ్ట్ కొసలు తిరిగే కంచు గొట్టాలు) అరిగినాయని నా లెక్క. బుష్ అరిగితే ఆర్మేచర్ నడిమికి ఉండదు, ఒక పక్కకు వాలి చుట్టూ ఉండే పోల్ ఇనుముకు రాసుకుంటుంది. పక్కనే ఇంజన్ వేడి, అంతా కొంచెం ఉబ్బుతుంది, వేడికి రాగి చుట్టలకు నిరోధం కూడా పెరుగుతుంది, అప్పుడు బిగుసుకుంటుంది. చల్లారితే మళ్లీ వదులు. కొత్త సెల్ఫ్ కొనబాకు. దించి, చిత్తూర్లో సెల్ఫ్ డైనమో పని చేసే అంగడి ఏదన్నా సరే, నీ ముందర విప్పమను. ముందర విప్పమను అన్నా, వదిలేసి రాబాకు.

పాకాల కుర్రోడు (శనివారం రాత్రి 8:55)
పోయొచ్చినా. విప్పి ఆర్మేచర్ బయటికి తీసినాడు, దాని మీద ఒక పక్క వెండి గీతలు మాదిరి రాసుకున్న గుర్తులు, లోపల పోల్ మీద కూడా అద్దం మాదిరి నున్నగా అయిపోయింది ఒక చోట. వెనక బుష్ గుండ్రంగా లేదు మామా, కోడిగుడ్డు మాదిరి ఉండాది. ఆయన షాఫ్ట్ పట్టుకోని ఆడిస్తే లొడలొడ ఊగుతా ఉండాది. కార్బన్లు సగం పైనే ఉన్నాయి, అయినా నాలుగూ మార్చమని చెప్పినా. కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల చుట్టు) లేతు పట్టిస్తా, ఆ పట్టీల మధ్య మైకా గాళ్లు కూడా లోతు చేస్తా అంటా ఉండాడు. సోమవారం ఇస్తా అన్నాడు.

కరెంటు మామ (9:10)
ఇప్పుడే ఫోన్ చెయ్యి ఆయనకు. కమ్యుటేటర్ సన్నగా లేతు పట్టించొచ్చు, సెల్ఫ్‌లో మైకా మాత్రం కొయ్యొద్దని చెప్పు. డైనమోకు కోస్తారు, సెల్ఫ్‌కు కొయ్యకూడదు. సెల్ఫ్ కార్బన్లలో రాగి ఎక్కువ, ఆ పొడి గాళ్లల్లో కూర్చోని పక్కపక్క రాగి పట్టీలను కలిపేస్తుంది.

గోదారోడు (9:25)
మామగారూ మా దగ్గర అందరూ కోస్తారండి, ఏమీ అవ్వలేదే?

కరెంటు మామ (9:31)
వెంటనే ఏమీ కాదు సారూ. సెల్ఫ్‌లు చేసే లూకాస్ కంపెనీ వాళ్ల పాత సర్వీసు కాగితాల్లో సెల్ఫ్‌కు కొయ్యొద్దని రాసి ఉంటుంది, నేను పని నేర్చుకున్న మొదట్లో ఒకటి కోసి మా మేస్త్రి చేత చెవి మెలిపెట్టించుకున్నా. ఆ చెవి ఇప్పటికీ నమ్ముతా ఉంది.
పాకాల అబ్బయా, ఇంకోటి, కొత్త బుష్షులు వేసే ముందు ఒక రాత్రి ఇంజన్ ఆయిల్లో నానబెట్టమను. అవి సందులుండే కంచు, ఆయిల్ తాగుతాయి, తర్వాత వాటికి ఆయిల్ పోసే దారి ఉండదు. ఆదివారం ఎట్లాగూ సెలవే కదా ఆయనకు, గిన్నెలో వేసి పొమ్మను. ముందుకు దూకే పల్లు ఉంది చూడు, దాని షాఫ్ట్‌కు మటుకు గ్రీజు ముద్దలు పెట్టనియ్యబాకు, దుమ్ము పట్టి అతుక్కుంటుంది.

పాకాల కుర్రోడు (సోమవారం రాత్రి 10:20)
బిగించినాం. మొత్తం 1,450 అయింది, బుష్షులు, కార్బన్లు, లేతు, కూలి. ఫోన్ చేసినందుకు ఆయన మొదట ముఖం ముడుచుకున్నాడు, 'ఎవరు చెప్పినారు నీకు' అన్నాడు, చిత్తూర్లోనే పని చేసిన ఒక పెద్దాయన అని అంటే 'ఓ' అని ఊరకున్నాడు. మధ్యాహ్నం ఎండలో దున్ని, ఆపి, అయిదు నిమిషాలుండి తిప్పినా. గిర్ర్ అని. పొద్దన్నే తిరిగే మాదిరే తిరిగింది. నాయన ఏమీ మాట్లాడలేదు, బండిని తీసుకుపోయి వాలులో కాకుండా ఇంటి ముందర చదునుగా ఉండే చోట ఆపినాడు.

నారుమడి (10:28)
అదీ మాట.

పాకాల కుర్రోడు (గురువారం, తెల్లవారుజాము 2:47)
ఎవరన్నా మేలుకోని ఉన్నారా? ఫ్యాక్టరీ క్యూలో ఉండా. ముందర ఎన్ని ట్రాక్టర్లు ఉండాయో చీకట్లో కనపడలేదు, వెనకాల ఇంకా వస్తా ఉండాయి. రాత్రి తొమ్మిదికి వచ్చినాం, ఇప్పటికి పదకొండు సార్లు ఆపి పదకొండు సార్లు స్టార్టు చేసినా. నా ముందర ఉండే ఆయప్ప బండి ఆపకుండా పెట్టుకోనుండాడు, ఎందుకన్నా అని అడిగితే 'ఆపితే మళ్లీ పట్టుకోదు నాయనా, బ్యాటరీ మార్చినా సోలినాయిడ్ మార్చినా' అన్నాడు. మీటరు డ్యాష్‌బోర్డు మీదనే ఉండాది, దిగి పోయి చూసినాం. వాళ్లది రంగు కాదు, పట్టీయే ఎప్పుడో తెగిపోయి ఇనుప తీగతో కట్టుకోనుండాడు. ఎర్త్ 3.1!

బెల్లం గానుగ (4:55)
క్యూలో డాక్టరీ కూడా మొదలుపెట్టినావా. ఫీజు తీసుకున్నావా లేదా?

పాకాల కుర్రోడు (5:10)
టీ తాపించినాడు అన్నా. పొద్దన్నే పట్టీ కొంటానన్నాడు.
మామా ఒకటి అడగాల. మొదట మార్చిన ఆ పాత సోలినాయిడ్ ఇంట్లో ఉండాది. అది మంచిదేనా? పారేస్తే పాపం కదా.

కరెంటు మామ (5:52)
పారెయ్యబాకు. బ్యాటరీ నుంచి ఒక వైరు చిన్న బోల్టుకు, ఇంకోటి దాని ఒంటికీ మోటరు వైపు లావు బోల్టుకూ కలిపి ఇయ్యి, గట్టిగా టక్ అని లోపలికి లాగాల. లాగినాక ఆ మోటరు వైపు వైరు తీసెయ్, అయినా వదలకుండా పట్టుకోనుంటే రెండు చుట్టలూ బాగున్నట్టు. ఎక్కువసేపు పట్టుకోబాకు, కాలిపోతాది. మూత విప్పి రాగి బిళ్ల చూడు, గుంటలు పడుంటే తిరగేసి వెయ్యి, అవతలి మొహం కొత్తగా ఉంటుంది. తర్వాత గుడ్డలో చుట్టి టూల్ బాక్సులో పెట్టుకో.
మొండి గొర్రూ, నువ్వు టార్చి కొట్టి చూస్తివా లేదా?

మొండి గొర్రు (6:20)
చూస్తి మామా. నువ్వు చెప్పినట్టే రెండు చోట్ల, ఎదురెదురుగా, ఒక్కో చోట ఏడెనిమిది పళ్లు దువ్వెన పళ్లు మాదిరి సన్నబడిపోయినాయి. మిగతావి పెళ్లికూతుర్లే. కోతలు అయినాక బండి నడుమ విరుస్తాం, అప్పుడు పోస్టు పెడతా.